లాంచీ అంచున చోటు

నా చిన్నప్పుడు, సఖినేటిపల్లి రేవులో, లాంచీ అంచున కూర్చునే చోటు కోసం నేనొక నిజం బయటపెట్టాను. అది అబద్ధమే అయ్యుంటే ఏనాడో ఎవరో ఒకరి ముందు ఒప్పుకుని ఉండేవాణ్ణి. నిజం కావడం వల్లనే, అది తప్పని నోటితో చెప్పడానికి నాకు యాభై ఏళ్ళకు పైగా పట్టింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా తాతయ్య వేదం చదువుకున్నవారు. రోజూ తెల్లవారకముందే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవారు. చెవితో విని స్వరం పట్టుకోలేని పిల్లలకు తల పట్టుకుని నేర్పడం మా వాళ్ళలో ఉంది. స్వరం దిగే చోట తల కిందికి వంచుతారు, లేచే చోట పైకెత్తుతారు. నాకు స్వరం తొందరగా పట్టుబడేది కాదు. అందుకని తాతయ్య అరచేయి ఎప్పుడూ నా నడినెత్తి మీదే ఉండేది. అది నా ఒక్కడి సొత్తని అనుకునేవాణ్ణి.

ఆ రోజు ఏటి అవతల, నరసాపురంలో, ఎవరిదో గృహప్రవేశం. వేదంలో నాలుగు పనసలు నాకు కూడా నోటికి వచ్చేశాయని తాతయ్య మొదటిసారి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. నాకు కొత్త పట్టుపంచె కట్టారు. లాంచీ ముందు భాగంలో, కమ్మీ పక్కన, బల్ల చివర కూర్చుంటే కింద నీళ్ళు చీలిపోవడం కనిపిస్తుందని మా వీధి పిల్లలు చెప్పారు. దారి పొడుగునా నా ఆలోచన అంతా ఆ చోటు మీదే. తీరా ఎక్కేసరికి అక్కడ ఒకామె కూర్చుని ఉంది.

ఇరవై ఏళ్ళు దాటి ఉండవు ఆమెకు. సముద్రం వైపు పల్లె మనిషి. ఒళ్ళో మూడేళ్ళ పిల్లవాడు, వాడి మీద తల నిండా కప్పిన పాత చీర ముక్క. పిల్లవాడికి గాలి తగలాలని ఆ చివర కూర్చుందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు కనిపించింది నా చోటు పోవడమే. ఆమె పక్కనే నిలబడి తొంగి తొంగి చూశాను. గాలికి గుడ్డ కొంచెం లేచింది. పిల్లవాడి చెంపల మీద, కనురెప్పల మీద నీళ్ళు నిండిన పొక్కులు. మెడ దగ్గర ఒక వేపాకు అంటుకుని ఉంది.

చూడగానే నాకు తెలిసిపోయింది. ముందు నెలలోనే మా పక్కింట్లో ఆటలమ్మ పోసి, గుమ్మానికి వేపమండలు కట్టారు. అమ్మవారు పోసిన పిల్లల్ని ఏరు దాటించకూడదని, దాటిస్తే పడవకు క్షేమం కాదని అరుగుల మీద అనుకుంటుంటే విన్నాను. ఈ మాట చెబితే ఈమె లేవాల్సి వస్తుంది. నా మనసులోకి మొదట వచ్చింది అదే. భయం తర్వాత వచ్చిందో, అసలు రాలేదో నాకే తెలియదు.

"ఈ పిల్లాడికి అమ్మవారు పోసింది!" అని గట్టిగా అరిచాను.

లాంచీ అంతా లేచి నిలబడింది. బుట్టలు, చంటిపిల్లలు అటు నుంచి ఇటు మారిపోయారు. అరటిగెలల మీద కూర్చున్న ఒకాయన, "అమ్మోరికి కూడా టిక్కెట్టు తీసేవా ఏంటమ్మా?" అంటే కొందరు నవ్వారు కూడా. ఆమె పిల్లవాణ్ణి ఇంకా దగ్గరికి లాక్కుంది. "ఆసుపత్రికండి. రాత్రి నుంచీ ఆయాసం వచ్చేసిందండి. ఒక్కసారి దాటించెయ్యండి బాబూ" అంది. లాంచీ నడిపే సరంగు తల గోక్కున్నాడు. "దిగమ్మా. నీ మీద జాలి లేక కాదు, ఏటి మీద భయం" అన్నాడు.

ఆమె దిగిపోయింది. నేను ఆ చోట్లో కూర్చున్నాను.

వెనక వైపు కళ్ళు మూసుకుని జపం చేసుకుంటున్న తాతయ్య లేచి, సంచీ భుజాన వేసుకుని, ఆమె వెనకాలే దిగిపోయారు. నన్ను పిలవలేదు, కోప్పడలేదు. లాంచీ కూత వేస్తుంటే హడిలిపోయి నేనూ దిగిపోయాను. ఆ చోట్లో నేను కూర్చున్నది నిమిషం కూడా కాదు.

ఆ తర్వాత నాలుగు గంటలు రేవులోనే ఉన్నాం. రెండో లాంచీ వాళ్ళకూ కబురు తెలిసిపోయింది. చిన్న పడవల వాళ్ళను తాతయ్య ఒక్కొక్కరినీ అడుగుతూ ఒడ్డు వెంట తిరిగారు. "ఏరు దాటకూడదని శాస్త్రంలో ఎక్కడుందో చెప్పు నాయనా. నలభై ఏళ్ళు చదివేను, నాకు కనపళ్ళేదు" అన్నారు ఒక పడవ మనిషితో. "మీ శాస్త్రంలో లేదేమో గానండి, మా ఆడోళ్ళ శాస్త్రంలో ఉందండి. ఇంటికెళ్తే గుమ్మం ఎక్కనివ్వరండి, ఆయ్" అన్నాడతను.

మధ్యలో తాతయ్య వచ్చి పాక నీడలో ఆమె పక్కన కూర్చునేవారు. "నీకింకా ఇది రాలేదు. గాలికి ఎదురుగా ఉండకు, ఆ మొద్దు అవతల కూర్చో" అని నన్ను దూరంగా పంపారు. అక్కడి నుంచి అంతా చూశాను. పిల్లవాడు దురదకు తట్టుకోలేక మొహం రక్కేసుకుంటున్నాడు. తాతయ్య తన ఉత్తరీయం తడిపి వాడి రెండు చేతులకూ మెత్తగా చుట్టారు. అయినా ఏడుపు ఆగలేదు. అప్పుడు వాడి నడినెత్తి మీద అరచేయి వేసి, సన్నగా స్వరం తీస్తూ, తల కిందికి వంచి, పైకెత్తి, మళ్ళీ వంచారు. మడి అంటే ప్రాణం పెట్టే మనిషి. నాలుగైదు సార్లు అయ్యాక పిల్లవాడికి అదేదో ఆటలా అనిపించింది. ఆయాసపడుతూనే నవ్వాడు. మొద్దు అవతల కూర్చుని నేను ఏడ్చాను. జాలితో కాదు. ఆ చేయి వాడి తల మీద ఉందని.

చివరికి ఆ పడవ మనిషే మనసు మార్చుకున్నాడు. తాతయ్య పడవ ముందు భాగంలో కూర్చుంటానంటే వస్తానన్నాడు. అవతలి ఒడ్డున ఆసుపత్రి దాకా వాళ్ళను దిగబెట్టి, మేము గృహప్రవేశం ఇంటికి వెళ్ళేసరికి అక్కడ విస్తళ్ళు తీసేస్తున్నారు. ముహూర్తం వేళకు రాలేకపోయానని తాతయ్య ఆ ఇంటివారిని క్షమాపణ అడిగారు. కారణం చెప్పలేదు.

సాయంత్రం తిరిగి వస్తుంటే అడిగారు. "ఎందుకు అరిచేవురా?" భయం వేసిందన్నాను. "నువ్వు చూసింది నిజమే. అంటుకునేదే. నా దగ్గరకొచ్చి మెల్లగా చెబితే వాళ్ళనో మూల, మిగతావాళ్ళనో మూల కూర్చోబెట్టి దాటించేవాళ్ళం. చూసింది ఎవరితో చెప్పాలో కూడా తెలుసుకోవాలిరా" అన్నారు. నా అబద్ధాన్ని నమ్మి అన్నారో, నమ్మకనే అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేను.

మూడో రోజు తాతయ్య రేవుకు వెళ్ళి కనుక్కుని వచ్చారు. పిల్లవాడు పోయాడు. ఊపిరితిత్తులకు ఎక్కిందట. ఆ నాలుగు గంటలు ముందు తీసుకువెళ్ళి ఉంటే బతికేవాడా అని తాతయ్య ఎవరినీ అడగలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు నన్ను తీసుకుని ఆ పల్లెకు వెళ్ళారు. భర్త చేపల వేటకు వెళ్ళాడు, ఆమె ఒక్కతే ఉంది. తాతయ్యకు చాప వేసింది. నా వైపు చూసి, "ఈ బాబుకేం రాలేదు కదండీ?" అని అడిగింది. తాతయ్య నా తరఫున ఏదో చెప్పబోతే, "పసోడండి. భయపడిపోయేడు. ఆడికేం తెల్సు" అంది. తాతయ్య నా వైపు తిరిగి ఆగారు. నేను చెప్పడానికి కావలసినంత సమయం ఇచ్చారు. నేను చాప అంచు గిల్లుతూ కూర్చున్నాను.

రెండు వారాలకు నాకూ పోసింది. అమ్మ గోళ్ళు కత్తిరించింది, మెత్తటి పాత చీర పరిచింది, వేపరెమ్మతో దురద పెట్టిన చోటల్లా నిమిరింది. తమ్ముణ్ణి మామయ్యగారింటికి పంపించేశారు. దురదకు ఏడుస్తుంటే తాతయ్య వచ్చి నా తల మీద చేయి వేశారు. నేను తల పక్కకు తిప్పేసుకున్నాను. ఆయన మళ్ళీ వెయ్యలేదు. నాకు తగ్గిపోయింది.

పెద్దయ్యాక రాజోలు దగ్గర బళ్ళో మాస్టారినయ్యాను. ఏడాదికోసారైనా ఎవరో ఒక పిల్లకో పిల్లాడికో ఆటలమ్మ వచ్చేది. ఒకసారి ఒకటో తరగతి పాపకు మెడ నిండా ముత్యాల్లాంటి చిన్న చిన్న పొక్కులు వచ్చాయి. ఆ పాప పక్కన కూర్చోబోమని పిల్లలు గోల చేశారు. నేను ఏ పిల్లనూ అందరి ముందు లేపలేదు. ఇంటికి వెళ్ళి తల్లితో మాట్లాడేవాణ్ణి, డాక్టరు దగ్గరకు తోడు వెళ్ళేవాణ్ణి. ఆ పాపది ఆటలమ్మ కాదని, అంటుకునేదే కానీ ప్రాణానికి భయం లేదని, గోకకుండా చూసుకుని తువ్వాలు వేరుగా పెడితే చాలని, నెలలు పట్టినా దానంతటదే పోతుందని డాక్టరు చెబితే, ఆ మాట ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చాను. మాస్టారిది మంచి మనసండీ అనేవారు. ఎవరైనా అలా అన్న రోజు నాకు అన్నం సయించేది కాదు. ఎందుకంటే ఇదంతా తేలికైన పని. కష్టమైనది ఒకటే, దాన్ని నేను చెయ్యలేదు.

ఆరేళ్ళ కిందట ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ పల్లె చుట్టూ ఇప్పుడు రొయ్యల చెరువులు. మనవడు కట్టించిన డాబా ఇంటి వసారాలో కూర్చుని ఉందావిడ. తాతయ్య పేరు చెప్పగానే మొహం విప్పారింది. "పంతులుగారి మనవడా మీరు! కూర్చోండి, కూర్చోండి. మా వోణ్ణి ఆఖరుసారి నవ్వించింది ఆయనేనండి" అంది.

మజ్జిగ తెచ్చారు. తాగలేదు. తాగితే చెప్పలేనని తెలుసు.

"అమ్మా, ఆ రోజు నేను భయపడి అరవలేదు. మీరు కూర్చున్న చోటు నాకు కావలసి వచ్చింది. మిమ్మల్ని దించేస్తారని తెలిసే అరిచాను."

"ఇన్నాళ్ళూ పసోడు, భయపడ్డాడనుకున్నానండి. అలా అనుకునే ఊరుకున్నాను" అంది. లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను కదలలేదు. పొద్దు వాలాక గుమ్మంలోకి వచ్చి, "ఎళ్ళండి. ఆఖరి బస్సు ఎళ్ళిపోద్ది" అంది. అంతే.

నా బరువు దించుకోవడానికి వెళ్ళి, ఆవిడకున్న ఒక్క ఓదార్పూ పట్టుకొచ్చేశానని బస్సులో అర్థమైంది. చెప్పకుండా ఉండాల్సిందా? అలా అనుకోను. కానీ చెప్పేసి ఇంట్లో కూర్చుంటే అది లాంచీలో చేసిన పనికి తీసిపోదనిపించింది. మరుసటి నెల మళ్ళీ వెళ్ళాను. ఆవిడ పలకరించలేదు. ఆ పై నెలా అంతే. నాలుగోసారో ఐదోసారో, "ఎండలో కూకున్నారు, ఇటు జరగండి" అంది. క్షమించానని ఆవిడ అనలేదు, నేనూ అడగలేదు.

ఇప్పటికీ నెలకోసారి వెళ్తున్నాను. మనసు పుట్టినప్పుడు ఆవిడ కొడుకు గురించి చెబుతుంది. వాడు ఏం తినేవాడు, ఎవరిని చూసి దాక్కునేవాడు, వాన పడితే ఏం చేసేవాడు. చెప్పిందే మళ్ళీ చెప్పినా మధ్యలో మాట్లాడను. ఆ మూడేళ్ళ పిల్లవాడి కబుర్లు వినే మనిషి ఆవిడకు ఇంకెవరూ మిగల్లేదు.

మొన్న వెళ్ళినప్పుడు, వచ్చే కార్తీకానికి వాడికి అరవై మూడు నిండుతాయంది.

అవునమ్మా, అన్నాను.