మా బావ గొంతూ, ఊపిరీ

మా బావ నోరు మూతపడగా చూసినవాళ్ళం మొన్నమొన్నటిదాకా ఇద్దరమే. మా అక్కా, నేనూ. ఎప్పుడు చూశామో చెప్తాను గానీ, ముందు ఆ నోటి సంగతి వినండి.

ఆయన బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తోందో చెప్పే ఉద్యోగం చేసేవాడు. ఓ గాజుగది, కిర్రుమనే కుర్చీ, మైకు, అంతే ఆయన రాజ్యం. కానీ ఆ గొంతు ఉంది చూశారూ, బస్సు రెండు గంటలు ఆలస్యమని చెప్పినా జనం తిట్టుకోకుండా వినేవాళ్ళు. "దయచేసి" అని ఆయన పలికితే అందులో నిజంగానే దయ ఉండేది. మా అక్క రోజూ అక్కడే బస్సెక్కేది. మనిషిని చూడకముందే గొంతుకి పడిపోయింది. ఇప్పుడడిగితే "నా చెవులు చేసిన పాపం" అంటుంది.

ఓ రోజు పైవాళ్ళు వచ్చి ఆ గాజుగదిలో ఒక పెట్టె బిగించారు. ఎవరో అమ్మాయి గొంతు ముందే రికార్డు పట్టి అందులో పెట్టేశారు. దానికి దగ్గు రాదు, జలుబు చెయ్యదు, సెలవడగదు. బావని మర్యాదగానే ఇంటికి పంపారు. ఆయన ఇంటికొచ్చి సోఫాలో కూర్చున్నాడు. అంతే, ఏడాదిపాటు నోరు తెరవలేదు. టీ కావాలా అంటే తలూపడం, వద్దా అంటే తలూపడం. అక్క ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని చేస్తుంది. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి లోపల చీమ చిటుక్కుమనేది కాదు. "తాళం తియ్యాలంటే భయమేస్తుందే" అనేది నాతో. చెప్పులైనా విప్పకుండా సోఫా దగ్గరికెళ్ళి, మనిషికి ఊపిరాడుతోందా లేదా అని చూసుకున్నాకే బ్యాగు కింద పెట్టేదట. నేను వెళ్ళి ఎన్ని పరాచికాలాడినా ఆ మొహంలో గీత కదిలేది కాదు. మేమిద్దరం చూసింది అదీ.

కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. ఆ నడుమే ఆయన్ని బతికించింది. డాక్టరు యోగా చెయ్యమంటే, ఈతకొలను భవనంలో పై అంతస్తు హాల్లో జరిగే పొద్దుటి క్లాసుకి అక్క ఆయన్ని రెక్క పట్టుకుని లాక్కెళ్ళి, మెట్ల దగ్గర వదిలి డ్యూటీకి పోయింది. అక్కడ నేర్పే పెద్దావిడకి విద్య ఉంది గానీ గొంతు లేదు. వెనక వరసలో ఎవరో "ఏం వినపడట్లేదండీ" అని అరిచారు. మా బావ మ్యాట్ మీద వెల్లకిలా పడుకునే, ఆవిడ మాటని హాలు మారుమోగేలా అందుకున్నాడు. "దయచేసి అందరూ గాలి పీల్చండి." ఏడాది తర్వాత ఆ నోట వచ్చిన మొదటి మాట అది. ఆ సంగతి తెలిసి అక్క లాండ్రీలో దుప్పటి మొహానికి కప్పుకుని ఏడ్చిందట. కొన్నాళ్ళకి పెద్దావిడ మానుకుంటే, క్లాసు ఆయన చేతికొచ్చింది.

ఇక చూసుకోండి మా పాట్లు. పుస్తకాలు కొన్నాడు. ముందుగదిలో ఊపిరితిత్తుల పటం తగిలించాడు. దాని మేకుకి అక్క తడితువ్వాలు ఆరేసేది. భోజనానికి కూర్చున్నా అదే గొడవ. "చూడు మరదలా, పక్కటెముకల కింద గొడుగులాంటి కండ ఒకటుంటుంది. గాలి పీలిస్తే అది కిందికి దిగుతుంది, పొట్ట ముందుకి రావాలి. వదిలితే పైకి లేస్తుంది, పొట్ట లోపలికి పోవాలి. నువ్వు సరిగ్గా తిరగేసి చేస్తున్నావు."

"నా పొట్ట ఎప్పుడూ ముందుకే ఉంటుంది బావా. అంటే నేను పుట్టినప్పట్నుంచీ పీలుస్తూనే ఉన్నానన్నమాట."

"నీకు చెప్పడం నాదే బుద్ధితక్కువ" అని మళ్ళీ మొదట్నుంచి చెప్పేవాడు.

అక్క పోరు పడలేక నేను కూడా క్లాసులో చేరాను. అక్క మాత్రం అటువైపు తొంగి చూసేది కాదు. "ఇంట్లో వినేది చాలకనా?" అనేది. ఒప్పుకోవాలి, నేర్పడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. చేతులు పైకెత్తేటప్పుడు పీల్చాలి, ఎందుకంటే అప్పుడు పక్కటెముకలు విచ్చుకుంటాయి. ముందుకి వంగేటప్పుడు వదలాలి, ఎందుకంటే పొట్ట ఖాళీ అయితేనే వంగడానికి చోటు. బోర్లా పడుకుని భుజంగాసనానికి ఛాతీ ఎత్తేటప్పుడు మళ్ళీ పీల్చాలి, లేకపోతే ఆ బరువంతా నడుం మీద పడుతుంది. ఇదంతా బస్టాండు పద్ధతిలోనే. "గాలి ఇప్పుడు కింది పక్కటెముకల్లోకి ప్రవేశిస్తోంది. దయచేసి తోసుకోకండి." పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ, రోజంతా ఒకళ్ళ నోట్లోకి వంగి వంగి మెడ తిప్పలేని స్థితిలో వచ్చింది. ఇప్పుడు మెడ తిప్పి మరీ మా అందరి పళ్ళకీ వంకలు పెడుతోంది. అందరి నడుములూ, మెడలూ, మోకాళ్ళూ దారిన పడ్డాయి, ఒక్క ఆయన నడుం తప్ప. ఆయన దగ్గర ఎప్పుడూ నొప్పి మందు వాసనే. ఎవరైనా అడిగితే "అది కింద కొలను వాసన" అనేవాడు. గురువుగారి నడుం నొప్పి అంటే బావుండదు కదా మరి.

ఇలా ఉండగా ఆ భవనానికి కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చీ రాగానే ఆయనకి వీడియోల మీద మనసు పోయింది. హాల్లో నడిచే ప్రతి క్లాసుకీ ఒక వీడియో ఉండాలి, బావున్నవాళ్ళకే క్లాసు, లేనివాళ్ళకి నమస్కారం అన్నాడు. పైగా ఒక షరతు. "సార్, మీరు నోరు మెదపకుండా ఆసనాలు చెయ్యండి. మాట తర్వాత రికార్డు పట్టి కలుపుకుందాం." మళ్ళీ పెట్టె, మళ్ళీ పట్టిన గొంతు. బావ మొహం అప్పుడే కాస్త వాడింది. అయినా "నా గొంతే కదా" అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

వీడియో తీసే అమ్మాయి ముందు వెలుతురు చూసుకోవాలని మామూలు క్లాసునొకదాన్ని పక్కనుంచి తీసింది. తీసింది చూసుకుంటూ మొహం చిట్లించింది. వెనక్కి జరిపింది, ముందుకి జరిపింది, ఏవో మీటలు నొక్కింది. చివరికి బావని పిలిచి, "సారీ సార్, మాటా బొమ్మా కలవట్లేదు. మీరు పీల్చమంటుంటే పొట్ట లోపలికి పోతోంది. నా మెషీనే తేడా చేసినట్టుంది. పొద్దున్నుంచీ తంటాలు పడుతున్నా" అంది.

బావ తెరమీదికి వంగి చూశాడు, నేను ఆయన భుజం మీంచి చూశాను. "పీల్చండి" అని ఖంగుమని వినపడుతోంది. హాల్లో పొట్టలన్నీ ముందుకొస్తున్నాయి. ఒక్క ఆయన పొట్ట లోపలికి పోతోంది. మాట బయటికి రావాలంటే గాలి బయటికి రావాలి కదండీ. గాలి వదలకుండా "పీల్చండి" అనడం ఎవరి తరం? ఇన్నేళ్ళూ ఊరందరూ పీలుస్తుంటే ఆయన వదిలాడు. తర్వాత మాటకీ మాటకీ మధ్య దొంగతనంగా ఓ గుక్క మింగి సరిపెట్టుకున్నాడు. భుజంగాసనంలో ఖాళీ ఛాతీని నడుంతో పైకి లాగుతూ వచ్చాడు. ఆ నడుం బాగుపడమంటే ఎలా బాగుపడుతుంది!

నాకు నవ్వాగలేదు. పకపకా నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

"మెషీను బానే ఉందమ్మా" అని ఆ అమ్మాయితో మెల్లగా అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అక్క నాకు ఫోన్ చేసింది. "ఏమన్నారే ఆయన్ని అక్కడ? సోఫాలో కూర్చున్నారు. టీ అంటే తలూపుతున్నారు." పరిగెత్తుకుంటూ వెళ్ళాను. ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు. "ఒక్క ఊపిరైనా సరిగ్గా తీసుకోనివాణ్ణి, ఎవరికి చెప్పే మొహం ఉంది నాకు?" మర్నాడు పొద్దున ఆ పటం ముందు నిలబడి నోరు మూసుకుని చేసి చూశాడు. చెయ్యి లేవలేదు. చెప్పే గొంతు లేకపోతే ఎప్పుడు పీల్చాలో ఆ ఒంటికి తెలియలేదు.

వీడియో రోజు అక్క సెలవు పెట్టి, ఆయన్ని వెంటబెట్టుకుని హాలుకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ మెట్లెక్కి లోపలికి రావడం అదే మొదలు. మమ్మల్నందర్నీ గోడవారగా కూర్చోబెట్టి, కిక్కురుమనకూడదన్నాడు మేనేజరు. కెమెరా మొదలైంది. బావ హాలు మధ్యలో నిలబడ్డాడు, చేతులు పక్కన వేలాడుతున్నాయి. కిందనుంచి ఈతకొట్టేవాళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన కదలడు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. అయినా కదలడు. ఆ మొహం నాకు తెలుసు. అది సోఫాలో మొహం.

అక్క దిగ్గున లేచింది. "ఏమండీ! గాలి పీల్చండి. ఏమండీ, మీకే చెప్పేది, పీల్చండీ!"

అది యోగా కాదు. ఏడాదిపాటు తాళం తీస్తూ లోపల దాచుకున్న భయం అది. ఆవిడ గొంతు చీరుకుపోయింది. మేనేజరు "అమ్మా, అమ్మా" అంటూనే ఉన్నాడు. బావ ఆవిడకేసి చూశాడు. పొట్ట ముందుకొచ్చింది, పక్కటెముకలు విచ్చుకున్నాయి, చేతులు వాటంతటవే పైకి లేచాయి. గోడవారగా ఉన్న మేమంతా ఆయనతోపాటు పీల్చేశాం. చేతులెత్తి అలాగే ఉండిపోయాడు. మొహం ఎర్రబడుతోంది గానీ దింపడే!

"వదలండి మరి! అది కూడా నేనే చెప్పాలా?" అంది అక్క.

పళ్ళ డాక్టరమ్మ ముందు నవ్వింది, తర్వాత అందరం. బావ హమ్మయ్యా అని వదులుతూ ముందుకి వంగాడు. అక్కడినుంచి అక్క చెప్పింది, ఆయన చేశాడు. ఏ ఆసనానికి ఏది చెప్పాలో ఆవిడెక్కడా తడుముకోలేదు. వినట్లేదు వినట్లేదంటూ భోజనాల దగ్గర అంతా వింది మహాతల్లి. భుజంగాసనానికి "పీల్చండి" అంటే ఆయన ఛాతీ నేలమీంచి నిదానంగా, నిండుగా లేచింది. నడుం పట్టుకోలేదు. అలా పైకి చూస్తూ ఉండిపోయాడు, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

మేనేజరు ఒంటికాలి మీద లేస్తాడనుకున్నాం. ఆయన తీరిగ్గా వీడియో అంతా చూసి, "ఈ గొంతు బావుందే, ఇదే ఉంచేద్దాం" అన్నాడు. క్లాసు నిలబడింది, మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఇప్పుడు వీడియోలో ఒళ్ళు బావది, గొంతు అక్కది. "వదలండి మరి, అది కూడా నేనే చెప్పాలా" అన్నది కూడా తీసెయ్యలేదు. ఇళ్ళల్లో చూసి చేసేవాళ్ళు దాన్ని కూడా బుద్ధిగా పాటిస్తున్నారట. "రెండుసార్లూ ఆడగొంతే నా నోరు నొక్కేసింది" అని బావ ఎవరు కనపడితే వాళ్ళకి చెప్పుకుంటున్నాడు, ఆపకుండా.

క్లాసులో మాత్రం పద్ధతి మార్చాడు. "పీల్చండి" అని చెప్పి ఆగుతాడు. అప్పుడు తను పీలుస్తాడు. అంతసేపూ హాల్లో ఎవరూ మాట్లాడరు. అక్క ఇప్పుడు సెలవు దొరికినప్పుడల్లా వచ్చి ముందు వరసలో మ్యాట్ వేస్తుంది. ఒక్క ఆసనమూ సరిగ్గా వెయ్యదు. ఆయన మాట ఆపిన ఆ కాసేపూ కళ్ళు మూసుకుని, ఆయన ఊపిరి చప్పుడు వింటూ కూర్చుంటుంది.