నలభై తలుపుల ఖర్చు

2000 జూన్ 14, బుధవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు మా మేస్త్రి చెక్క మీద రంపం పెట్టాడు. మా పై గదిలో అద్దెకుండే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు చేతి గడియారం చూసి కాగితం మీద రాసుకున్నాడు. నేను స్టూలు వేసుకుని ఇద్దరినీ కనిపెట్టి కూర్చున్నాను.

ఫిల్మ్‌నగర్ వాలులో మాది చిన్న వడ్రంగి షెడ్డు. పదకొండేళ్ళుగా సినిమా సెట్లకు తలుపులు, కిటికీలు చేసి ఇచ్చేవాళ్ళం. ఆ ఏడాది సెట్ల పని తగ్గింది. షెడ్డు తమకిస్తే ఇంటర్‌నెట్ సెంటర్ పెట్టుకుంటామని, పన్నెండు వేలు అడ్వాన్సు ఇస్తామని ఇద్దరు వచ్చి అడిగి వెళ్ళారు. ఇస్తే మేస్త్రి, అతని కింద ముగ్గురు వేరే పని వెతుక్కోవాలి. అంతలో జూబ్లీహిల్స్‌లో కొత్తగా పెడుతున్న ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్ళు నలభై తలుపులు అడిగారు. లాభం వస్తే షెడ్డు నడుపుతాను, రాకపోతే కిరాయికి ఇచ్చేస్తాను అని మేస్త్రికి ముందే చెప్పాను.

తలుపుకు ధర ఎంత చెప్పాలి? మేస్త్రిని అడిగితే చెక్క తట్టి చూసి, "రెండు వేలు అడుగుండ్రి" అన్నాడు. ఎలా వచ్చిందయ్యా ఆ లెక్క అంటే నవ్వాడు. నాకు అలాంటి లెక్క గిట్టదు. ఇంజినీరుకు అప్పట్లో కంపెనీ జీతమిస్తోంది గానీ పని ఇవ్వడం లేదు. "మోడల్ కడదామండీ పిన్నిగారూ, ఒక తలుపు చేయడం మొదటి నుంచి చివరి దాకా చూస్తే చాలు" అన్నాడు.

మేస్త్రికి మాత్రం ఇబ్బందిగా ఉంది.

"అమ్మా, గీ సారు నా చెయ్యి దిక్కు చూస్తలేడు, గడియారం దిక్కే చూస్తుండు. బీడీకి పోయినా రాస్తుండా ఏంది?"

"రాస్తున్నానండీ. అదీ ఖర్చే."

"గట్లయితే ఇంకోటి తాగొస్త. రాసుకో!"

నేనూ తక్కువ తినలేదు. రంపపు పొట్టు గోనెలో పోసి తూచాను. మిగిలిన చెక్కముక్కల్లో పనికొచ్చేవి, పొయ్యిలోకి పోయేవి వేరు చేసి కొలిచాను. మర్నాటికి కంప్యూటర్లో పట్టిక తయారైంది. చెక్క, కోతలో పోయే తరుగుతో సహా, 1,150. కూలి, ఆరు గంటలకు, 150. జిగురు, బందులు 90. పాలిష్ 110. కరెంటు, రంపం అరుగుదల 40. మొత్తం 1,540. చెక్క ధర పది రూపాయలు పెంచితే కింద మొత్తం దానంతటదే మారేది. ఆ సంబరంలో నేను మధ్యాహ్నం అన్నం సంగతి మరిచిపోయాను. తలుపుకు 1,750 అని ఆఫీసుకు రాసిచ్చి సంతకం పెట్టాను.

మొదటి నాలుగు తలుపులు బిగించిన రోజు నేనూ వెళ్ళాను. ఆఫీసు మేనేజరు బయటినుంచి చూసి, చేత్తో నిమిరి, "బ్రహ్మాండంగా ఉన్నాయండీ" అన్నాడు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. తర్వాత తలుపు తీసి, "ఇది సగమే చేశారా?" అన్నాడు.

లోపలి వైపు చిత్రిక లేదు, పాలిష్ లేదు. రంపం గీతలు, సుద్దముక్కతో వేసిన అంకెలు ఉన్నాయి.

మేస్త్రి తొణకలేదు. "కెమెరా గిటు ఉంటది గద సార్. గటు దిక్కు ఎవరు చూస్తరు?"

"లోపల కూర్చునేది నేనయ్యా!"

మేనేజరు నవ్వాపుకోలేకపోయాడు. నాకు మాత్రం నవ్వు ఇంటికొచ్చాక గానీ రాలేదు. పొట్టు తూచినదాన్ని తలుపు తిప్పి చూడలేదు. పదకొండేళ్ళుగా మా షెడ్డులో తలుపుకు ఒకే ముఖం. ఇంజినీరు అసలు వడ్రంగం ఎరగడు. కళ్ళముందు జరిగినదే రాశాడు.

ఆ సాయంత్రమే పట్టికలో కొత్త వరసలు చేరాయి. రెండో వైపు చిత్రికకు మూడు గంటలు, 75. పాలిష్ 110. గరుకు కాగితం 10. తలుపు అసలు ఖర్చు 1,735. అంటే మాకు మిగిలేది పదిహేను రూపాయలు. రెండో వైపు చిత్రిక పట్టేటప్పుడు రెండు తలుపులు మరీ పలచబడి పనికిరాకుండా పోయాయి. వాటికి బదులు చేసినవాటికి మేస్త్రి కూలి పుచ్చుకోలేదు. "రెండు వేలు అడుగుమన్న గదమ్మా" అని మాత్రం నాలుగుసార్లు అన్నాడు.

ఆగస్టులో ఆఫీసు వాళ్ళు పై అంతస్తుకు ఇంకో ముప్ఫై తలుపులు కావాలన్నారు. తలుపుకు 1,960 అని రాసిచ్చాను. ఈసారి లెక్కకు రెండు వైపులూ ఉన్నాయి. వాళ్ళు బేరమాడకుండా ఒప్పుకున్నారు. ఆ మధ్యాహ్నమే ఇంటర్‌నెట్ సెంటర్ వాళ్ళకు ఫోను చేశాను.

మొదటి నలభై తలుపుల్లో పోయినవి: వస్తుందనుకున్న లాభం, 8,400. రెండు తలుపుల చెక్క, 2,300. తలుపుకు పదిహేను చొప్పున మిగిలిన ఆరు వందలు అందులో పోగా చేతినుంచి పడినది, 1,700. నేను వద్దన్న అడ్వాన్సు, 12,000.