మైకు ముందు మా ఆడపడుచు అన్న మాట

2008 జనవరి, రెండో సోమవారం. మా ఆడపడుచు పోయి ఈ రోజుకు పదకొండు రోజులు. ఆమె బెంగాలీ పాటలు విన్నవాళ్ళకు ఈ వార్త కొత్త కాదు. ఇక్కడి పేపర్లన్నీ ఫొటోతో వేశాయి. మన సంఘ పత్రికకు నాలుగు మాటలు రాయమని పాస్టరుగారు అడిగితే నా వల్ల కాదన్నాను. నిన్న ఒక పేపరు చదివాక ఒప్పుకున్నాను. జీవితమంతా పాటనే నమ్ముకుని రాజకీయాల జోలికి పోని గాయని అని అందులో ఆమెను మెచ్చుకున్నారు. ఒకే ఒక్కసారి నోరు జారినా వెంటనే సర్దుకుందట. ఆ వాక్యం తప్పు. ఎందుకు తప్పో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. అందుకే రాస్తున్నాను.

నేను రేవు పక్కనున్న గార్డెన్ రీచ్ పేటలోని ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి తనకు పదేళ్ళు. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో సరుకులు దింపే ముఠాలో చేరిన మనిషి. అప్పట్లో దగ్గర్లో తెలుగు బడి లేదు కాబట్టి కూతుర్ని సందు చివరి బెంగాలీ బడిలో వేశారు. నేను టీచరు ట్రైనింగు చదివి వచ్చినదాన్ని. తరవాత ఇక్కడి తెలుగు బడిలో ముప్పై ఒక్క సంవత్సరాలు చెప్పాను. ఎందరికో అక్షరాలు నేర్పాను గాని మా ఇంటి పిల్లకు నేర్పలేకపోయాను. పలక ముందు కూర్చోబెడితే అయిదు నిమిషాలు.

"ఇదేటి వదినా, అన్నీ గుండ్రాలే! ఒకదానికొకటి అక్కసెల్లెళ్ళలాగున్నాయి. నాకు తెల్దు, నానెల్తాను."

మన కీర్తనలన్నీ తను బెంగాలీ లిపిలో రాసుకుని పాడేది. ఆ పుస్తకం నా దగ్గరుంది. నాకు బెంగాలీ చదవడం వచ్చు కాబట్టి మొన్న తెరిచి చూశాను. తెలుగు పాట బెంగాలీ అక్షరాల్లో చదువుతుంటే తన గొంతే వినిపించింది. మూసేశాను.

తను పెద్ద గాయని ఎలా అయిందో పేపర్లు రాశాయి. వాళ్ళకు తెలియనివి చెబుతాను. స్టేజి ఎక్కే ముందు మరమరాల్లో పచ్చిమిరపకాయ నంజుకుని తినేది. గొంతు పోతుందే అంటే, మండితేనే నిద్ర లేస్తుందనేది. టీ కప్పు ఎక్కడ తాగితే అక్కడే వదిలేసేది. నది మీద ఓడ కూత వేస్తే వేలెత్తి మమ్మల్నందర్నీ నోరు మూయించి, "ఇది కొంచెం దిగి పాడతంది" అనేది. ఇప్పుడూ ఓడలు కూస్తూనే ఉన్నాయి. అవి ఏ శ్రుతిలో ఉన్నాయో చెప్పేవాళ్ళు ఈ ఇంట్లో లేరు.

తనకు తెలుగు ఉత్తరాలు చాలా వచ్చేవి. లిలువా రైల్వే కాలనీ నుంచి, ఖరగ్‌పూర్ నుంచి, శ్రీకాకుళం పల్లెల నుంచి. మన పిల్ల అంత పెద్ద స్టేజీల మీద పాడుతోందని సంతోషించి రాసేవాళ్ళు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక తను కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది, నేను పైకి చదివేదాన్ని. ఎవరు రాశారు, ఏ తేదీన అందింది, ఏ తేదీన జవాబు వెళ్ళింది అని ఒక పుస్తకంలో రాసేదాన్ని. జవాబు వెళ్ళని ఉత్తరం అందులో ఒక్కటే ఉంది. వింటున్నంతసేపూ తను కళ్ళు మూసుకుని కిటికీ చువ్వ మీద చూపుడువేలితో తాళం వేసేది. ఉత్తరానికి తాళమేమిటే అంటే, "నువ్వు సదివితే లయ ఉంటాది వదినా" అనేది.

మా మామగారి అలవాటు ఒకటి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ రేవు మీద బాంబులు పడ్డాయి. ఆ రోజు ఆయన ముఠాలో చాలామంది తిరిగి ఇంటికి రాలేదు. కూలీలు కదా, వాళ్ళ పేర్లు ఎవరూ ఎక్కడా రాయలేదని ఆయన బాధ. ప్రతి సంవత్సరం క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం, భోజనానికి ముందు ప్రార్థనలో ఆ పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెప్పేవారు. ఆఖరి పేరు ఆయన తమ్ముడిది. అన్నం చల్లారిపోయేది. ఆ పూట చల్లారిన అన్నమే తినాలని మా ఇంట్లో నియమం.

ఇక 1999 వేసవి. కార్గిల్ కొండల మీద యుద్ధం జరుగుతోంది. జవాన్ల కుటుంబాల సహాయార్థం పెద్ద హాల్లో కచేరీ పెడితే తను వెళ్ళింది. రెండో పాట అయ్యాక మైకు ముందు బెంగాలీలో ఇలా అందట: "నేను పాడుతున్నది వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలని. ఇంకా కొందరు వెళ్ళాలని కాదు. అటువైపు కూడా తల్లులే ఉన్నారు. ఈ యుద్ధం ఆపండి." కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు కుర్చీలు తన్ని లేచిపోయారు. మర్నాడు పేపర్లో వచ్చింది.

నేను వంటింట్లోంచే మొదలుపెట్టాను. "నువ్వేటి, మంత్రివా? పాడేదానివి పాడి రా."

"పాడేనుగా వదినా. మద్దిలో ఊపిరి తీసుకున్నప్పుడు ఒక్క మాటన్నాను."

"పాట కోసం టిక్కెట్టు కొన్నవాళ్ళకు పాటే ఇవ్వాలి. నీ అభిప్రాయం ఎవరడిగారు?"

"నాన్ననెవలడిగారు? ఏటేటా పేర్లు సెప్పలేదా?"

"ఇంట్లో చెప్పారు. బజార్లో కాదు."

"నాన్నకి మైకెవలిచ్చారు వదినా? నాకిచ్చారు."

నా వాదన ఇప్పటికీ పూర్తిగా వదులుకోలేదు. బాగా పాడినంత మాత్రాన యుద్ధం గురించి ఇతరులకన్నా ఎక్కువ తెలియదు. జనం పాట మీది ప్రేమకొద్దీ మాటను కూడా తూచకుండా నమ్మేస్తారు. పేరున్నవాళ్ళు అందుకే జాగ్రత్తగా ఉండాలి. ఇదే తనతో అన్నాను. తను నవ్వింది. "నాకెక్కువ తెలుసనలేదు. అందరికీ తెలిసిందే అన్నాను. అందరూ అనలేరు, అంతే. హెడ్మాస్టరుగారూ, ఇక బడి ఒగ్గెయ్యండి, ఆకలేస్తంది."

తరవాతి వారాలు నవ్వులాటగా లేవు. రెండు కచేరీలు రద్దయ్యాయి. ఎవరో రాయి విసిరితే ముందుగది కిటికీ అద్దం పగిలింది. మా వారికి అప్పటికే గుండె జబ్బు. ఆ చప్పుడుకు ఆయన మంచం మీద లేచి కూర్చుని గంటసేపు పడుకోలేదు. పార్టీ లోకల్ కమిటీ నుంచి మన తెలుగాయనే ఒకాయన వచ్చి, "సెల్లీ, మా స్టేజీ ఎక్కి ఇదే మాట అను. నిన్నెవుడేటి సేస్తాడో మేం సూసుకుంటాం" అన్నాడు. "అన్నా, మీ జెండా కింద అంటే అది మీ మాటయిపోద్ది. నా మాట నాకుండనీ" అని టీ ఇచ్చి పంపేసింది. ఇంకోసారి అవకాశం వస్తే మళ్ళీ అంటానని మాత్రం ఇంట్లో అందరికీ చెప్పింది.

ఆ రోజుల్లోనే శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక ఇన్‌లాండు ఉత్తరం వచ్చింది. రేవులో పనిచేసే ఒకతని వదిన, తమ ఊరి పోస్టు మాస్టారు చేత రాయించింది. అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"అమ్మా, నీకు దణ్ణాలు. మా గుంటడు ఆ కొండల మీదున్నాడు. ఊళ్ళో అందరూ నన్ను వీరమాతని పొగుడుతున్నారు. నాకు పొగడ్త అక్కర్లేదు, నా గుంటడు కావాల. ఆ మాట పైకంటే ఏటంటారోనని నోరు మూసుకున్నాను. నువ్వు అంతమందిలో అన్నావని మా మరిది రాసినాడు. నా నోట్లో మాట నువ్వు అన్నావు తల్లీ. నీ పాట నానెప్పుడూ యినలేదు. నీ మాట ఒక్కటే తెలుసు. మళ్ళీ మళ్ళీ సెప్పు."

ఆదివారం మొదటి రెండు వాక్యాలు పైకి చదివాను. అక్కడ ఆగాను. అద్దం పగిలిన కిటికీకి అట్ట కొట్టి ఉంది. పక్కగదిలో మా వారు దగ్గుతున్నారు. తను కళ్ళు మూసుకుని తాళం వేస్తోంది. అప్పుడు నేను కాగితం మీద లేనిది చదివాను. "నీ మాటలు మా అబ్బాయి చెవిన పడితే వాడి ధైర్యం ఏమైపోతుంది? ఒక తల్లిగా వేడుకుంటున్నాను, ఇక ఈ విషయం ఎత్తవద్దు" అని, కాగితం వైపే చూస్తూ, తడబడకుండా, అదే లయతో చదివాను.

చువ్వ మీద వేలు ఆగిపోయింది.

భయంతో చేశానని చెప్పుకోవచ్చు. నిజంగా చెప్పాలంటే భయం ఒక పాలు, నా మాట నెగ్గాలన్న పట్టుదల మూడు పాళ్ళు. నా చేతికింద చదివిన పిల్లలు ఒక్క పదం ఎగరేస్తే మొదటి నుంచి చదివించిన మనిషిని నేను.

తను కళ్ళు తెరిచి, "రాయి వదినా" అంది. "నా తప్పు క్షమించమని రాయి. ఇక అననని మాటిస్తన్నానని రాయి." ఈసారి చెప్పింది చెప్పినట్టే రాశాను. సంతకం బెంగాలీలో పెట్టింది. పోస్టు చేస్తానని తీసుకెళ్ళి నా బీరువాలో పెట్టాను. ఆ తల్లికి అలాంటి జవాబు ఎలా పంపను? పుస్తకంలో జవాబు తేదీ గడి ఖాళీగా వదిలాను.

నాలుగేళ్ళ తరవాత ఇరాక్ మీద బాంబులు పడుతున్నప్పుడు ఈ నగరమంతా ఊరేగింపులే. నటులు, గాయకులు, చిత్రకారులు ముందు వరసల్లో నడిచారు. అప్పుడు ఇక్కడ ఆ మాటనడానికి ధైర్యం కూడా అక్కర్లేదు. ఇద్దరు కుర్ర గాయకులు మా ఇంటికొచ్చి, "దీదీ, మీరు మాట్లాడక్కర్లేదు, ఊరికే మాతో నడవండి" అని బతిమాలారు.

"రాలేను బాబూ. ఒక తల్లికి మాటిచ్చాను" అంది.

వాళ్ళు వెళ్ళాక నా వైపు తిరిగింది. "వదినా, ఆ గుంటడు తిరిగొచ్చుంటాడంటావా?"

"వచ్చే ఉంటాడు."

"మన ఉత్తరానికి జవాబు రాలేదు కదా."

"రాలేదు" అన్నాను. అది అబద్ధం కాదు. ఆ రోజు నేనాడిన వాటిలో అంత నీచమైన నిజం ఇంకొకటి లేదు.

సాయంత్రం టీవీలో ఊరేగింపు చూపించారు. చప్పుడు తగ్గించి చూసింది. "ఒక్కడికీ శ్రుతి లేదు వదినా. నానుంటే శ్రుతిలో అరిపించేదాన్ని" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక చెప్పేయాలనుకున్నాను. పప్పు మాడుతోందని లేచి వెళ్ళాను. పప్పు మాడలేదు.

చివరి రోజుల్లో ఆసుపత్రికి రోజూ బైబిలు తీసుకెళ్ళేదాన్ని. ఏ కీర్తన చదవను అంటే, "ఏదైనా సరే. నువ్వు సదివితే ఒక్కచ్చరం పోదు" అనేది. ఆ తల్లి ఉత్తరం బైబిల్లోనే పెట్టుకున్నాను. మూడు రోజులు తీసుకెళ్ళాను, మూడు రోజులూ తిరిగి తెచ్చాను. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి మార్చేశారు.

తను ఈ ఇంట్లో తిరిగిన ఏళ్ళన్నీ ఇచ్చేసి, ఒక్క ఆదివారం వెనక్కి అడగాలనిపిస్తుంది. అట్ట కొట్టిన ఆ కిటికీ పక్కన కూర్చుని ఆ ఉత్తరం మొదటి నుంచి చదవాలని. తను ఏమనేదో నాకు తెలుసు. "సూసావా వదినా!" అని చప్పట్లు కొట్టి, వారం రోజులు నన్ను ఏడిపించేది. ఆ వారం రోజులు నాకు కావాలి.

ఇక జరగవలసినవి:

1. వచ్చే నెల మన చర్చిలో జ్ఞాపకార్థ కూడిక ఉంది. అందులో ఆ తల్లి ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదవాలి. ఆ తరవాతే పాటలు. మైకు పెట్టాలి.

2. చదివేది నేను కాదు. మా మనవరాలు. తనకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం సరిగ్గా రాదు. రోజూ అయిదింటికి నా దగ్గర కూర్చుంటోంది. "మామ్మా, దీన్ని బెంగాలీలో రాసుకుని చదివేస్తానే" అంది నిన్న. కుదరదన్నాను. కూడికలో తడబడితే ఎవరూ అందించవద్దు. కూడబలుక్కుని తనే చదువుతుంది.

3. రాజకీయాల జోలికి పోలేదని రాసిన పేపరుకు బెంగాలీలో ఉత్తరం పంపాలి. తను సర్దుకోలేదు, నేను నోరు నొక్కాను అని అందులో ఉండాలి. రాసేశాను. మా అబ్బాయి వద్దంటున్నాడు. పంపుతాను.

4. నా బీరువాలోని క్షమాపణ పోస్టు చేయకూడదు. క్షమాపణ చెప్పవలసింది తను కాదు. కూడిక అయ్యాక నేనే ఆ ఊరు వెళ్ళి, ఆ తల్లి ఉంటే ఆమె గుమ్మంలో నిలబడి, కొడుకు ఏమయ్యాడని అడగాలి. ఎనిమిదేళ్ళు దాటినా అడగలేదు.

5. కూడికకు చుట్టాలు వస్తారని ఇంటికి రంగులు వేయిస్తున్నారు. ముందుగది కిటికీకి ఎడమ నుంచి మూడో చువ్వ మీద, కుర్చీలో కూర్చున్న మనిషి చెయ్యి ఆనే ఎత్తులో, రంగు అరిగిపోయి వేలి వెడల్పున ఇనుము మెరుస్తూ ఉంటుంది. అక్కడ రంగు వేయకూడదు.