జీపు నీడలో సింహం

కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌కి నేను వస్తున్న రైలు దారిలో ఆగిపోయింది. తలుపులు తెరవలేదు. పక్కనున్న పెద్దావిడ రిటైరైన డాక్టరట. ఫోన్‌లో ఫోటో చూపించారు. జాంబియా అడవిలో, వాళ్ళ జీపు నీడలో ఒక సింహం పడుకుని ఉంది.

"అది లేచేదాకా మేం కదల్లేకపోయాం. చుట్టుపక్కల ఇంకో బండి కూడా లేదు. నువ్వెప్పుడూ సఫారీకి వెళ్ళలేదామ్మా?"

"వీసా స్టాంపింగ్ భయం ఆంటీ. బయటికెళ్తే ఆ ముద్ర పడక మళ్ళీ అమెరికాలోకి రానివ్వరేమోనని ఇన్నేళ్ళూ ఈ దేశం దాటలేదు."

ఆవిడ సలహా ఏమీ ఇవ్వలేదు. "అలా ఇరుక్కున్నప్పుడే ఏనుగుల గుంపు నది దాటడం చూశానమ్మా. భయంతో కళ్ళు మూసుకుని ఉంటే అదీ పోయేది," అంటూ లేచి, తన కిటికీ సీటు నాకిచ్చారు.

రైలు కదిలింది. ఫ్రీమాంట్ వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాను. ఆ వేసవిలో, తిరిగి రానిస్తారో లేదో తెలియకుండానే, జాంబియాకి టికెట్ బుక్ చేశాను.