జారనివ్వని ఫోను

ఆ రోజుల్లో మా తిరువూరులో ఫోనును చూసినవాళ్ళకంటే ఫోను గురించి చదివినవాళ్ళే ఎక్కువ. బడి మొహం ఎరగని నాకు అక్షరాలు దిద్దించి, బెజవాడ వెళ్ళినప్పుడల్లా నవలలు తెచ్చిపెట్టిన మా బాబాయికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఆ నవలల్లో సగం కథ నడిచేసరికి ఫోను మోగేది. నాయిక ఎత్తేది, వినేది, రిసీవరు చేతిలోంచి జారిపోయేది. నేను పైకి చదువుతుంటే మా నాయనమ్మ, ఫోను మోగిందనగానే, "ఎవరో పోయుంటార్లే," అంటూ ముందే కళ్ళొత్తుకునేది.

మా ఇంటినానుకుని ఉన్న బాబాయి బియ్యం మిల్లు ముందుగదిలోకి ఫోను వచ్చిన కొత్తల్లోనే నాకు బెజవాడ సంబంధం చూశారు. గురువారం పొద్దున పెళ్ళివారు ఔనో కాదో ఫోనులో చెబుతామన్నారు. ఆ రోజు ఫోను కలవకపోతే వాళ్ళు తమకొచ్చిన నూజివీడు సంబంధం ఖాయం చేసుకుంటారట. బాబాయేమో విస్సన్నపేట వెళ్ళాల్సొచ్చింది. "పదింటికల్లా వచ్చేస్తా. ఈలోగా మోగితే ఎత్తి, మళ్ళీ చేయమను. ఇన్ని నవలలు చదివావు, నీకు నేను చెప్పాలా!" అని వెళ్ళిపోయాడు.

తొమ్మిదింటికే మోగింది. స్వామికి దణ్ణం పెట్టుకుని ఎత్తాను. "బాబాయి లేరండీ, పదింటికి వస్తారండీ," అన్నాను. "సరేనమ్మా, అప్పుడే చేస్తాం," అందొక పెద్దాయన గొంతు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత ఏం చెయ్యాలో తోచలేదు. (ఏ నవలలోనూ ఆ ముక్క రాయలేదు మరి!) జారిపోతే పగులుతుందని రిసీవరుని రెండు చేతులతో దింపి, ఫోను పక్కనే పడుకోబెట్టాను. "ఆయనకి ఊపిరాడద్దుటే, మొహం పైకి తిప్పు," అంది నాయనమ్మ. తిప్పి, దుమ్ము పడకుండా రెంటిమీదా నేను కుట్టిన పూలగుడ్డ కప్పాను.

పదింటికి బాబాయి వచ్చి గుడ్డ ముందు కూర్చున్నాడు. పదకొండైంది, మధ్యాహ్నమైంది, ఫోను మోగలేదు. "నూజివీడు ఖాయం చేసుకున్నారేమోనే," అన్నాడు మొహం వేలాడేసుకుని. ఏం తప్పు జరిగిందో తెలీక దేవుడి గదికీ తలుపు చాటుకీ తిరుగుతూనే ఉన్నాను.

మూడింటి బస్సు దిగి పెళ్ళికొడుకే నడిచొచ్చారు. "పొద్దున్నించీ ఎక్స్ఛేంజివాళ్ళు మీ లైను ఖాళీ లేదంటున్నారండీ. ఇంతసేపు ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?"

బాబాయి గుడ్డ తీశాడు. "ఏమే, ఇదెందుకిలా పడుకుంది?"

"నవలల్లో ఎవరూ తిరిగి పెట్టరు బాబాయ్. జారిపోతుంది. నేనే జారనివ్వలేదు," అన్నాను తలుపు చాటునుంచి, ఏడుపు గొంతుతో.

ఆ పెళ్ళికొడుకు పెద్దమనిషి నవ్విన నవ్వుకి మిల్లు గోడమీది పావురాలు లేచిపోయాయి. నవ్వి నవ్వి, "మావాళ్ళు ఔనన్నారండీ," అన్నారు.

ఇప్పటికీ కథలో ఎవరి చేతిలోంచైనా ఫోను జారితే, దాన్నెవరు తిరిగి పెట్టారా అని నాలుగు పేజీలు వెతుకుతాను. ఆ నవ్వు వినిపించక ఆరేళ్ళయింది. అయినా స్వామి దయ ఎంతని చెప్పను! ఆ పూట నేను ఫోను సరిగ్గా పెట్టి ఉంటే ఔనన్న మాట బాబాయి చెవిన పడి ఊరుకునేది. పెళ్ళికి ముందే ఆయన నవ్వు వినే భాగ్యం నాకు దక్కేదా?