పట్టు లేని ఇసక

ఫాల్గుణం, బుధవారం. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఉన్నవాళ్లు: మా అమ్మ, మా ఆవిడ, నేను, ఇత్తడి మరచెంబులో రామేశ్వరం ఇసక. (ఇసకని మనుషుల్లో కలిపి రాశానేమిటా అని ఇప్పుడు పాత డైరీ చూస్తే నాకే వింతగా ఉంది. ఆ రోజు మాత్రం ఇంట్లో అందరికన్నా దానికే మర్యాద ఎక్కువ.)

ఆ రోజుల్లో రైల్వే నౌకరీ అంటే పాసు, పాసు అంటే తీర్థయాత్ర. మా యాత్రకి కారణం మాత్రం పాసు కాదు. మాకు వరసగా ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. రెండోదానికి పేరు కూడా పెట్టలేదు. ఆ తర్వాత మా ఆవిడ మాట్లాడటం తగ్గించేసింది, నవ్వడం పూర్తిగా మానేసింది. "రామేశ్వరం ఎల్లి ఇసక తెండి. ప్రయాగలో గంగమ్మకి ఇచ్చీసి రండి. కడుపు నిలబడతాది" అని మా అమ్మ తీర్మానించింది.

నేనప్పుడు లోకో షెడ్డులో ఇసక కొట్టు చూసేవాణ్ణి. అర్పా నదిలోంచి తెచ్చిన ఇసకని జల్లించి, పొయ్యి మీద ఆరబెట్టించి, ఇంజన్ల ఇసక పెట్టెల్లో పోయించాలి. కొండ ఎక్కేటప్పుడు చక్రాలు జారితే డ్రైవరు ఆ ఇసకని పట్టాల మీదకి వదులుతాడు, చక్రానికి పట్టు దొరుకుతుంది. ఈ విద్య తప్ప నాకు ఇంకోటి రాదు. దాన్ని ఎక్కడ ప్రదర్శించకూడదో అసలే తెలియదు.

రామేశ్వరం దీవిలో మేము ఉన్నది ఒక్క పగలు. బండిలో మాతో వచ్చినవాళ్లలో సగం మంది సింహళం ఓడ కోసం ముందుకి పోయారు. మేము తడిబట్టలతో, కళ్లు తెరవనివ్వని ఎండలో, సముద్రం ఒడ్డున కూర్చున్నాం. పురోహితుడు మా ఆవిడ చేత మూడు ఇసక ముద్దలు చేయించాడు. ఒకటి సముద్రానికి, ఒకటి తనకి దానం, ఒకటి ప్రయాగకి.

"పిల్లలు ఇద్దరే కదండీ, ముద్దలు మూడేటి?" అని అడిగింది మా ఆవిడ.

ఆయన మంత్రం ఆపాడు. "మూడోది రాబోయే బిడ్డ అనుకో తల్లీ. దాన్నే నువ్వు తీసుకెళ్తున్నావు" అన్నాడు.

ఆమె ఆ ముద్దని రెండు చేతులతో ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే నేను అందులోంచి చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాను. "మరీ మెత్తన. అంతా గవ్వల పొడే. దీనికి పట్టు లేదు, చక్రం కింద ఏస్తే జారిపోద్ది" అన్నాను. (మద్రాసు దాకా ఆమె నా మొహం చూడలేదు.)

బిలాస్‌పూర్లో ఒక్క పూట ఆగి, మర్నాడు పొద్దున్న కట్నీ బండిలో ప్రయాగ వైపు వెళ్లాలి. ఆ మధ్యాహ్నం అమ్మ మరచెంబు మూత తీసేసరికి, తడిగానే మూత బిగించిన ఇసక మగ్గి గుప్పున కంపు కొట్టింది.

"ఛీ, గంగమ్మకి ఇదేట్రా ఇచ్చేది? ఊళ్లో ఇంజన్లన్నిటికీ ఆరబెడతావు, ఇంట్లో ఇసక ఆరబెట్టలేవేటి?"

షెడ్డుకి పట్టుకెళ్లి, విడిగా ఒక రేకు తట్టలో పోసి పొయ్యి పక్కన పెట్టాను. సెలవు సంగతి చూసుకుని ఆఫీసు నుంచి తిరిగొచ్చేసరికి తట్ట బోర్లించి ఉంది. పక్కనే బిల్హా మావ (ఇంజన్లలో ఇసక పోసే కూలీ, రోజూ పక్కూరు బిల్హా నుంచి బండిలో డ్యూటీకి వచ్చేవాడు, అందరికీ మావే) తువ్వాలుతో చెమట తుడుచుకుంటున్నాడు.

"అచ్ఛా, వొచ్చీసినావేటి? ఎండిన ఇసక ఊరికినే చల్లారిపోతంది కదా అని ఇంజన్లో పోసీసినాను!"

సంగతి తెలిశాక ఆయనే నా వెంట ఇంటికి వచ్చి చెప్పాడు. అమ్మ నెత్తి కొట్టుకుంది. "పెట్టీసినావురా మావా, మా వంశాన్ని ఇంజన్లో పెట్టీసినావు!" మావ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గోడకి ఆనుకున్న మా ఆవిడ నా చేతిలోంచి మరచెంబు తీసుకుంది. అప్పుడు అడిగింది.

"ఏ ఇంజన్లో పోసినావు మావయ్యా?"

"రేపు పొద్దున్న కట్నీ బండికే, తల్లీ."

ఆమె ఖాళీ మరచెంబుకి మూత బిగించింది. "అయితే మనతోటే వస్తాది" అంది.

మర్నాడు పొద్దున్న బండి ఎక్కాం. మరచెంబు ఆమె ఒళ్లో ఉంది. అడవిలో భన్వార్‌టంక్ కొండ ఎక్కుతుండగా చక్రాలు జారాయి. ఇంజను రొప్పింది, గుంజింది, దాదాపు నిలబడిపోయింది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తోంది. ఇసక వదిలినట్టున్నారు, బండి ఒక్క కుదుపుతో మళ్లీ కదిలింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. మొహమంతా బొగ్గు మసితో ఇటు తిరిగింది. నవ్వుతోంది.

"పట్టు లేదన్నారు కదా! చూడండి, ఎలా పట్టీసినాదో!"

మా ఇంట్లో ఆ తర్వాత ఉయ్యాల కట్టలేదు. ఇసక పెట్టె నిండా అర్పా ఇసకేననీ, అందులో మాది దోసెడేననీ, అదీ అప్పటికింకా పట్టాల దాకా దిగి ఉండదనీ ఆ పొద్దున్న నాకు తెలుసు. ఎవరూ అడక్కపోయినా ఇసక గురించి ఉపన్యాసం చెప్పే ఆ కుర్రాడు, అదే అప్పటి నేను, కొండ పైకి చేరేదాకా నోరు మూసుకుని కూర్చున్నాడు. వాణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కాస్త నవ్వొస్తుంది.