డబ్ల్యూకి రెండు వేళ్లు

మామిడికుదురు చర్చిలో ముప్ఫయ్యేళ్లుగా ప్రకటనలన్నీ దేవదానం మాస్టారే చదివేవారు. పెళ్లి ప్రకటనైతే మరీ హుషారు. మూడు ఆదివారాలు వరసగా చదవాలి, వధూవరుల పేర్ల పక్కన చదువులూ చదవాలి. అది ఆ సంఘంలో ఆనవాయితీ. కూలికెళ్లిన తాతల మనవలు ఎంత చదివారో పదిమందికీ వినిపించకపోతే ఎలా?

నిరుడు పక్షవాతం వచ్చి ఆయన కుడిచేతినీ, మాటనీ పట్టేసింది. ఇప్పుడు సొంత కూతురు సుప్రియ పెళ్లి. ఆ ప్రకటన తానే చదవాలని ఆయన పంతం. మాట నేర్పే అమలాపురం డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. ఒక్కో పలుకుకీ ఎడంచేతి వేలొకటి ముడవాలి, వేలితోపాటే మాట వస్తుంది.

సుప్రియ చదువు ఎం.ఎస్.డబ్ల్యూ., బి.ఈడి. ముందు మూడు వేళ్లు, పిడికిలి విప్పి మళ్లీ మూడు, మొత్తం ఆరని లెక్కేసుకున్నారు పాపం. మొదటి ఆదివారం ‘డబ్’ అనేసరికి మూడో వేలు ముడుచుకుంది. ‘ల్యూ’కి ఆ లెక్కలో వేలు లేదు. నోరు అక్కడే బిగుసుకుపోయింది. మిగతాది పాస్టరుగారు చదివారు.

తండ్రి అవస్థ చూడలేక సుప్రియ రెండో వారం కాగితంలో చదువులు కొట్టేసింది. మాస్టారు ఆ కాగితం ముట్టలేదు. ఆ వారమూ పాస్టరుగారే చదివారు.

“ఉత్త పేరు చాలదా నాన్నగారూ?” అంది ఇంటికొచ్చాక.

“మా... నాన్న... వేలి... ముద్ర” అన్నారాయన, వేళ్లు ముడుస్తూ. సుప్రియ ఏడుస్తూ కొట్టేసినవన్నీ మళ్లీ రాసింది.

చిక్కు ఎక్కడుందో ఆయన భార్య విజయకుమారి పట్టుకుంది. “డబ్ల్యూకి రెండు వేళ్లండీ! కాగితం మీద ఆరే గానీ నోట్లో ఏడండీ.”

“ఆయ్” అన్నారు మాస్టారు. ఆ ఒక్క మాటకి మాత్రం ఆయనకు వేలితో పని లేదు.

వారమంతా ఆ ఏడు పలుకులే వల్లె వేశారు. మూడో ఆదివారం ఒక్కటీ తప్పలేదు. ‘డీ’ అనగానే చర్చంతా ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత ఇంకో వాక్యం ఉంది. ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పాలని అడగాలి. దాన్ని సాధన చేయాలన్న సంగతే ఆయన మరిచిపోయారు.

“అ...” అన్నారు. మళ్లీ “అ...” అన్నారు. వేళ్లన్నీ ముడిచినా మాట రాలేదు. పాస్టరుగారు లేవబోయారు.

“లేదండీ” అంది ముందు వరసలోంచి స్టెల్లా టీచరు. ఆయన దగ్గర అక్షరాలు దిద్దిన మనిషి. వెనక నుంచి మగవాళ్లు కూడా “లేదండీ, లేదండీ” అన్నారు.

మాస్టారి కళ్లవెంట నీళ్లు కారిపోయాయి.

“మాకెవరికీ ఏం లేదండీ మాస్టారూ” అంది స్టెల్లా, ఆయనకు చెయ్యందిస్తూ. “నెమ్మదిగా దిగండి, అక్కడ మెట్టుంది.”